లెక్కలో ఎక్కువైన ఒకటి

మార్చి 3, సోమవారం

బీపీ డాక్టరు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. కోపం వచ్చినప్పుడు మనుషుల మీద కాకుండా కాగితం మీద చూపించమన్నాడు. నాకసలు కోపమే రాదని చెప్పాను. నూట అరవై ఎనిమిది అని చెప్పి చేతికి చుట్టిన పట్టీ విప్పాడు.

ఈ రోజు కూడా కోపం రాలేదు. చిరాకు వచ్చింది, అంతే. ఆఫీసులో టీచరమ్మ, ప్రోగ్రాములో నేను రాసిన లైను ఒకటి తీసేస్తూ మార్పు పంపింది, నన్ను ఆమోదించమని. టీచరమ్మ అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఇక్కడికి రాకముందు ఆరేళ్ళు బడిలో లెక్కలు చెప్పిందట, ఇప్పటికీ ఎదుటివాణ్ణి నిలబెట్టి ప్రశ్నలడుగుతుంది. చేరి అయిదు నెలలైంది. ప్రొబేషన్ ఇంకో నెల ఉంది. ఆవిడ తీసేయమంటున్న లైనుకి తొమ్మిదేళ్ళు.

కింద ఒక వ్యాఖ్య కూడా రాసింది: "ఇక్కడ లెక్కకి ఒకటి కలుస్తోంది. ఎక్కడా తీయడం లేదు. ఈ ఒకటి ఎవరిది సార్?"

"ముట్టుకోవద్దు" అని జవాబు పెట్టి వెళ్ళి భోజనం చేశాను.

మార్చి 4

పొద్దున్నే మేనేజరు పిలిచాడు. "ఏంటండీ గొడవ? నాకర్థమయ్యేలా చెప్పండి" అన్నాడు. ఆయనకి అర్థమయ్యేలా చెప్పడమంటే మాటలు కాదు. ఎలా చెప్పానో ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, మళ్ళీ అడుగుతాడు కాబట్టి.

మన మెషీను ఆసుపత్రిలో మంచం పక్కన ఉంటుంది. రోగి వేలికి క్లిప్పు పెడితే, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో స్క్రీను మీద అంకె కనిపిస్తుంది. క్లిప్పు వైరు పెట్టగానే మా డ్రైవరు, అంటే క్లిప్పుకీ మెషీనుకీ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రాము, మెమరీలో ఆ క్లిప్పు పేరున ఒక రికార్డు తెరుస్తుంది. ఆ రికార్డుని ఎవరు వాడుకోవాలన్నా ముందు లెక్కకి ఒకటి కలపాలి, పనయ్యాక ఒకటి తీసేయాలి. లెక్క సున్నాకి వస్తే ఇక ఎవరికీ అక్కర్లేదని రికార్డు చెరిపేస్తాం. దీన్ని మేం రిఫరెన్స్ కౌంట్ అంటాం. లెక్కలో కలవకుండా వాడితే, వాడుతుండగానే రికార్డు చెరిగిపోయి మెషీను కూలుతుంది. కలిపినది తీయడం మర్చిపోతే రికార్డు ఎప్పటికీ చెరగదు, మెమరీ నిండిపోతుంది. ఇంతే.

"మరి మీ లైను ఏం చేస్తుంది?" అన్నాడు.

"కాపాడుతుంది" అన్నాను.

ఆయన నా వెనక గోడకున్న జ్ఞాపిక వైపు చూసి తలూపాడు. దాని మీద ఇత్తడి అక్షరాలతో 'ఆపద్బాంధవుడు' అని ఉంటుంది. ఆ లైనుకే ఇచ్చారు.

ఆయనకి చెప్పనిది ఒకటుంది. తొమ్మిదేళ్ళ క్రితం, మెషీను మార్కెట్లోకి వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు, వైరు రెండువందల సార్లు పీకితే ఒకసారి కూలేది. ఎవరో లెక్కలో కలవకుండా రికార్డు వాడుతున్నారు. ఎవరో నాకు దొరకలేదు. అందుకని రికార్డు తెరిచినప్పుడల్లా నేనే ఒకటి ఎక్కువ కలిపేశాను. అది ఎవరూ తీయరు. లెక్క సున్నాకి రాదు, రికార్డు చెరగదు, మెషీను కూలదు. పక్కనే 'తాత్కాలికం, తర్వాత తీసేయాలి' అని రాశాను కూడా. నిర్లక్ష్యం ఉన్నవాడు అలా రాస్తాడా?

అయితే రెండువందల ముప్ఫై సార్లు వైరు పెట్టి తీశాక మెమరీ నిండుతుంది. దానికీ మందు వేశాను. వాడకం పుస్తకంలో పేజీ నలభై ఒకటి: ప్రతి సోమవారం ఉదయం మెషీనును ఆపి మళ్ళీ ఆన్ చేయవలెను. పుస్తకం రాసే ఆవిడ ఎందుకని అడిగితే, "మెషీనుకి మాత్రం విశ్రాంతి అక్కర్లేదా?" అన్నాను. ఆవిడ ఆ మాట కూడా రాసేసింది.

మార్చి 6

టీచరమ్మ నా లైను తీసేసి నాలుగువందల సార్లు వైరు పీకింది. రెండుసార్లు కూలింది. మీటింగులో అందరి ముందూ అడిగాను, "చూశారా?" అని.

"సార్, లైను తీసినందుకు కూలలేదండీ" అంది. "ఎవరో లెక్కలో లేకుండా వాడుతున్నారు. మీ లైను వాళ్ళని దాచిపెడుతోంది. వాళ్ళెవరో నాకు..."

"పరీక్ష తప్పినవాళ్ళంతా ప్రశ్నపత్రం బాగాలేదనే అంటారు టీచరుగారూ" అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడ కాగితాలు సర్దుకుంది. ఏదో మెయిల్ పెట్టింది సాయంత్రం. ఇది అయిదోది. తెరవలేదు.

మార్చి 7

ప్రొబేషన్ మీద నా అభిప్రాయం రాయమన్నారు. రాశాను: 'తొందరపాటు ఎక్కువ. అనుభవం మీద గౌరవం తక్కువ. కొనసాగింపు గురించి ఆలోచించవలసి ఉన్నది.' న్యాయంగానే రాశాను.

మార్చి 8, శనివారం

మామగారిని ఆసుపత్రిలో చేర్చాం. ముప్ఫై నాలుగేళ్ళు గని దగ్గర లాంప్ రూమ్‌లో గుమాస్తాగా పనిచేశాడు. కిందికి దిగింది తక్కువే అయినా, దిగి వచ్చినవాళ్ళు దులుపుకున్న దుమ్మంతా ఆయన ఊపిరితిత్తుల్లోనే చేరినట్టుంది. ఆక్సిజన్ పెట్టారు. వేలికి క్లిప్పు పెట్టారు.

మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏమండీ, చూశారా? మీ మెషీనే! నాకెంత ధైర్యంగా ఉందో" అంది.

మామగారైతే మాస్కు పక్కకి లాగి మరీ పక్క మంచాయనకి చెబుతున్నాడు, "మా అల్లుడుగారు చేసిందే" అని. నర్సు వచ్చి మాస్కు మళ్ళీ పెట్టింది.

నేనూ నవ్వాను.

మార్చి 9

సర్వీసు మెనూ తెరిచి చూశాను. మెషీను ఆన్ చేసి పదమూడు రోజులైంది. స్నానానికి, ఎక్స్‌రేకి, బాత్‌రూముకి, మంచం మార్చడానికి రోజుకి పన్నెండుసార్లు వైరు పీకుతున్నారు. పొద్దుటినుంచి కూర్చుని లెక్కపెట్టాను. పన్నెండు పదమూళ్ళు నూట యాభై ఆరు. ఇంకా వారం నడుస్తుంది, కంగారేమీ లేదు.

నర్సుని మామూలుగా అడిగినట్టు అడిగాను. "సోమవారం ఆపి ఆన్ చేస్తారు కదమ్మా?"

"అది కింద ఓపీలో చేస్తారు సార్. ఇక్కడ మంచం ఖాళీ అయ్యేదెప్పుడు, ఆపేదెప్పుడు?"

తొమ్మిదేళ్ళ క్రితం నేను ఓపీ గురించే ఆలోచించాను. రాత్రయితే తాళం వేసే చోటు. మనిషిని వదిలిపెట్టకుండా ఉండే వార్డు గురించి ఆలోచించలేదు.

మార్చి 10, సోమవారం

నేనే ఆపబోయాను. నర్సు మందుల బండి దగ్గర ఉండగా మెషీను వెనక్కి చెయ్యి పెట్టి బటన్ నొక్కాను. పొరపాటున ఆగిపోకుండా మూడు సెకన్లు నొక్కి పట్టుకునేలా ఏర్పాటు చేసింది కూడా నేనే. రెండో సెకనులో నర్సు నా మణికట్టు పట్టుకుంది.

"ఏం చేస్తున్నారు? మతుండే చేస్తున్నారా?"

"ఇది... నేను చేసిన మెషీనేనమ్మా."

"చేస్తే? పేషెంటుకి తగిలించి ఉండగా ఆపేస్తారా? ఆపాల్సిన అవసరమేంటో చెప్పండి, డాక్టరుగారితో మాట్లాడతాను. కారణం చెప్పండి."

ఇదే అదను. వార్డులో అందరూ చూస్తున్నారు. మా ఆవిడ గుమ్మంలో పళ్ళ సంచీతో నిలబడింది. మామగారు కళ్ళు తెరిచాడు.

"మెషీనుకి కాస్త విశ్రాంతి..." అన్నాను.

బయట కూర్చోమన్నారు. ఇంటికొచ్చాక మా ఆవిడ, "పరువు తీశారు కదండీ" అంది.

మార్చి 11

న్యాయంగానే రాశాను.

మార్చి 12

మందుల షాపులో వేలికి పెట్టుకునే చిన్న మీటరు కొన్నాను. ఇంకో కంపెనీది. మామగారి రెండో చేతికి పెట్టాను.

"ఇదెందుకండీ? మీ మెషీను మీద మీకే నమ్మకం లేదా?" అంది మా ఆవిడ.

"రెండుంటే మంచిది కదా" అన్నాను. ఆవిడ కాఫీకి వెళ్ళింది.

మామగారు చిన్న మీటరు వైపు చూశాడు, పెద్ద మెషీను వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏంటి సంగతి అల్లుడుగారూ?" అన్నాడు. అంతే, చెప్పేశాను. మేనేజరుకి చెప్పినట్టు కాదు, మొత్తం. ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన ఎవరికీ చెప్పలేడని అయ్యుంటుంది, మాస్కు ఉంది కదా.

ఆయన మాస్కు తీసేశాడు.

"మా లాంప్ రూమ్‌లో బిళ్ళలుండేవి. గనిలోకి దిగేవాడు తన నంబరు బిళ్ళ మేకుకి తగిలించి దీపం పట్టుకెళ్తాడు. పైకొచ్చాక దీపమిచ్చి బిళ్ళ తీసుకుంటాడు. మేకుల మీద ఒక్క బిళ్ళున్నా కిందికి గాలి పంపే ఫ్యాన్ ఆపకూడదు. ఒక్కోసారి ఎవడో బిళ్ళ వెయ్యకుండానే దిగేవాడు. మేకులు ఖాళీగా ఉంటాయి, లోపల మనిషుంటాడు. అదీ మీ రోగం. అవునా?"

"అవునండీ."

"మీరేం చేశారు? ఆ బిళ్ళ వెయ్యనివాణ్ణి పట్టుకోవడం మానేసి, మేకుకి ఓ దొంగ బిళ్ళ తగిలించారు. ఫ్యాన్ ఎప్పటికీ ఆగదు కాబట్టి ఎవడూ చావడు."

"భయమేసిందండీ. నాలుగు రోజులే ఉంది."

"భయమేస్తే నేనూ తగిలిస్తాను. ఆ రోజుకి. మర్నాడు పొద్దున్నే వెళ్ళి వెతికి వాణ్ణి పట్టుకుంటాను." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు తొమ్మిదేళ్ళు ఇంటికెళ్ళి పడుకున్నావు."

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 13

చెబుదామనే వెళ్ళాను. మేనేజరు మీటింగులో ఉన్నాడు.

మార్చి 14

మళ్ళీ మీటింగే. అద్దాల గది కాబట్టి కనిపిస్తూనే ఉంది, ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అయినా మీటింగులో ఉన్నట్టే అనిపించింది.

నా పక్క బల్ల దగ్గర టీచరమ్మ అట్టపెట్టెలో పుస్తకాలు సర్దుకుంటోంది. వచ్చే శుక్రవారం ఆఖరి రోజని నిన్న చెప్పారట. నన్ను చూసి నమస్తే సార్ అంది. తిట్టినా బాగుండేది.

మార్చి 15, శనివారం

మధ్యాహ్నం మూడింటికి మామగారికి ఆయాసం వచ్చింది. పెద్ద మెషీను మీద తొంభై అయిదు. నర్సు దూరం నుంచే అంకె చూసి, "బాగానే ఉంది తాతగారూ, కంగారు పడకండి" అని వేరే మంచం దగ్గరికి వెళ్ళింది. చిన్న మీటరు మీద ఎనభై మూడు. మా ఆవిడకి ఏది నమ్మాలో తెలియలేదు. నేనక్కడ లేను, కింద కాఫీ తాగుతున్నాను.

మామగారు వేలికున్న పెద్ద మెషీను క్లిప్పు ఊడదీసి గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడట. స్క్రీను మీద ఇంకా తొంభై అయిదే. "అమ్మాయ్! వేలిక్కడుంది, క్లిప్పక్కడుంది, మరి ఆ తొంభై అయిదు ఎవరిది?" అని అరిచాడట. నర్సు పరిగెత్తుకొచ్చింది, డాక్టరొచ్చాడు, ఆక్సిజన్ పెంచారు. బతికాడు.

ఎలా జరిగిందో నాకు లెక్కతో సహా తెలుసు. మెమరీ నిండిపోయింది, కొత్త రికార్డు తెరవడానికి చోటు లేదు. కూలిపోవలసిన మెషీను కూలలేదు, ఎందుకంటే పాత రికార్డు చెరగకుండా నేను కాపాడాను. స్క్రీను ఆ పాత రికార్డునే చదువుతూ, ఎప్పటిదో తొంభై అయిదుని చూపిస్తూ కూర్చుంది. కూలి ఉంటే స్క్రీను నల్లబడేది, నర్సుకి తెలిసేది. కూలే మెషీనుని తీసుకుని అబద్ధమాడే మెషీనుని చేశాను. దానికి జ్ఞాపిక ఇచ్చారు.

మా ఆవిడ నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. "మీ ముందుచూపు వల్ల నాన్న దక్కాడండీ. ఆ చిన్న మీటరు లేకపోతే..." అంది.

ఇంతకంటే చెప్పుతో కొట్టినా హాయిగా ఉండేది. అప్పుడే, అక్కడే చెప్పాను. నా భుజం మీంచి తల ఎత్తేసింది. వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది.

మార్చి 16

మామగారు ఆసుపత్రివాళ్ళ ఫిర్యాదు కాగితం తెప్పించుకుని కూర్చుని రాశాడు. లాంప్ రూమ్ అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. కాపీ నాకిచ్చాడు.

"అన్నీ రాశాను. 'బాధ్యులు' అన్న చోట మాత్రం ఖాళీ వదిలాను" అన్నాడు. "అది నువ్వు నింపుకో."

మార్చి 17, సోమవారం

పదింటికల్లా ఫిర్యాదు మేనేజరు బల్ల మీద ఉంది. ఈసారి ఆయనే పిలిచాడు.

"పెద్దాయన వేలు సరిగ్గా పెట్టుకోలేదని రాసేద్దామా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపేసరికి, "పోనీ, ఆ టీచరమ్మ ఏదో మార్చబోయింది కదా. ఎలాగూ శుక్రవారం వెళ్ళిపోతోంది. ఆవిడ పేరు పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు.

"ఆ పెద్దాయన మా మామగారండీ."

ఆయన మొహం వెలిగిపోయింది. "అరె, ముందే చెప్పొద్దూ! అయితే ఇంట్లోనే మాట్లాడుకుని వెనక్కి తీసుకోమనండి."

కాగితం నా వైపు లాక్కుని ఖాళీలో నా పేరు రాశాను. తొమ్మిదేళ్ళ క్రితం తేదీ కూడా వేశాను. ఎందుకు కలిపానో, పేజీ నలభై ఒకటి ఎలా పుట్టిందో వెనక రాశాను. టీచరమ్మ గురించి ఏడో తేదీన రాసింది అబద్ధమని, కోపంతో రాశానని ఇంకో కాగితం మీద రాసి సంతకం పెట్టాను. రాసినదాన్ని వెనక్కి తీసుకోవడానికి వాళ్ళ ఫారంలో గడి లేదట. అందుకని పిన్ను గుచ్చి ఇచ్చాను.

"మరి ఆ జ్ఞాపిక?" అన్నాడు మేనేజరు.

"తాత్కాలికం అండీ" అన్నాను.

మార్చి 18

టీచరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కూర్చోమనలేదు. న్యాయమే.

"ఆ లెక్కలో కలవనివాడు ఎవరో వెతుకుదామా అమ్మా?" అన్నాను.

"వెతకక్కర్లేదు సార్. స్క్రీను మీద అంకె మార్చే టైమరు. అర సెకనుకోసారి లేచి రికార్డు చదువుతుంది. వైరు పీకాక కూడా ఒకసారి లేస్తుంది. లెక్కలో ఒకటి కలపదు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆరో తేదీన. మీటింగులో చెప్పబోయాను. తర్వాత అయిదో మెయిల్లో రాశాను. మీరు తెరవలేదు."

టైమరు ఎవరు రాశారో చూశాను. నేనే. అంటే దొంగా నేనే, దొంగని దాచిందీ నేనే, కాపలాకాసినందుకు బహుమతి పుచ్చుకుందీ నేనే. సరిచేయడానికి నాలుగు లైన్లు పట్టింది: టైమరు మొదలయ్యే ముందు ఒకటి కలపాలి, పీకినప్పుడు టైమరుని ఆపి, అది నిజంగా ఆగేదాకా ఉండి, ఆ ఒకటి తీసేయాలి. ఆ తర్వాత నా పాత లైను టీచరమ్మ చెరిపింది. నన్ను చెరపమంది గానీ, వద్దన్నాను.

రెండువేల సార్లు వైరు పీకాం, చెరో వెయ్యి. కూలలేదు, నిండలేదు. నా వేలు బొబ్బలెక్కింది.

మార్చి 21, శుక్రవారం

టీచరమ్మ ఉంటుంది. నేనూ ఉంటాను, కానీ మార్పులు ఆమోదించే పని నాకు లేదు. నా తొమ్మిదేళ్ళ లైన్లన్నీ ఆవిడ తనిఖీ చేస్తుంది, నేను సంజాయిషీ ఇవ్వాలి. ఆవిడ పెట్టెలోంచి పుస్తకాలు తీసి మళ్ళీ సర్దుకుంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

జ్ఞాపిక ఇంటికి తెచ్చాను. మా ఆవిడ చూసి, "ఎక్కడైనా పడెయ్యండి" అంది. ఆరు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. సంతోషంగా పడేశాను.

మార్చి 24, సోమవారం

సరిచేసిన ప్రోగ్రాము అన్ని పరీక్షలూ దాటి ఆసుపత్రులకి చేరడానికి మూడు నెలలు పడుతుందట. ఈలోగా అందరికీ ఉత్తరం పంపాలి. నన్నే రాయమన్నారు. 'మా తప్పు వల్ల అంకె నిలిచిపోవచ్చు, రోజూ ఆపి ఆన్ చేయండి' అని రాశాను. వెళ్ళినది మాత్రం ఇలా వెళ్ళింది: మెరుగైన భద్రత కోసం ప్రతిరోజూ ఉదయం మెషీనును ఆపి ఆన్ చేయవలెను.

మామగారిని తీసుకురావడానికి వెళ్తే నర్సు ఉత్తరం చూపించింది. "మీ కంపెనీవాళ్ళు ఎంత జాగ్రత్తపరులండీ. ఊరికే మీ మీద అరిచాను ఆ రోజు" అంది.

జేబులోంచి తెల్ల స్టిక్కరు తీసి మెషీను మీద, స్క్రీను కిందే అంటించి చేత్తో రాశాను: 'ఇందులో ఒక తప్పు ఉంది. రోజూ ఆపి ఆన్ చేయకపోతే అంకె నిలిచిపోతుంది. అనుమానం వస్తే వేలు తీసి చూడండి. తప్పు చేసినవాడి ఫోను నంబరు ఇది.' నర్సు చదివింది. మళ్ళీ చదివింది. "మిగతా ఎనిమిది మెషీన్లకి ఎవరు రాస్తారు?" అంది, ఆ రోజు మణికట్టు పట్టుకున్న గొంతుతోనే. తొమ్మిదీ పూర్తయ్యేదాకా మామగారు చక్రాల కుర్చీలో కూర్చుని, నేను ఏ మంచం దగ్గరా మర్చిపోకుండా వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

సాయంత్రం బీపీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నూట డెబ్భై. రాయడం మానకండి అన్నాడు.

మార్చి 25

పొద్దుటినుంచి స్టిక్కరు చూసి వార్డులోంచి నాలుగు ఫోన్లు. నాలుగో ఆవిడ తిట్టింది. విన్నాను.

ఆఫీసులో తెరవగానే టీచరమ్మ నుంచి ఏడు ప్రశ్నలు. ఏడు వేరు వేరు చోట్ల, ఏడు పాత లైన్ల కింద, అక్షరం తేడా లేకుండా అదే మాట: "ఈ ఒకటి ఎవరిది సార్?"

ఏడింటికీ ఒకేసారి జవాబు పెట్టవచ్చు. అలా పెట్టలేదు. ఒక్కొక్కటీ తెరిచి, లైను చదివి, ఏడుసార్లూ విడివిడిగా రాశాను: నాదే.